పదిహేను సీజన్ల ‘సూపర్‌నేచురల్’: తప్పు అన్నదా, తమ్ముడిదా, రాసినవాళ్లదా?

ముందుగా ఒక హెచ్చరిక. ఈ సమీక్షలో చివరి ఎపిసోడ్ దాకా కథంతా చెప్పేస్తున్నాను. ఇంకా చూడనివారు, చూడాలనే ఉద్దేశం ఉన్నవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

2005 సెప్టెంబర్ 13న అమెరికాలో మొదలై 2020 నవంబర్ 19న ముగిసిన ఈ ధారావాహికలో మొత్తం 327 ఎపిసోడ్లు ఉన్నాయి. వాటన్నిటినీ నేను ఒకసారి చూశాను. మొదటి ఐదు సీజన్లను నాలుగుసార్లు చూశాను. ఎనిమిది నుంచి పది వరకు ఉన్న సీజన్లను మాత్రం, కేవలం వాదనలో నెగ్గాలన్న పట్టుదలతో, రెండోసారి కూడా చూశాను. ఆ వాదన మా చెల్లెలితో. 2010 వేసవిలో ఒక స్నేహితుడి హార్డ్ డిస్కులోంచి ఎక్కించుకుని వచ్చిన తొలి నాలుగు సీజన్లను విజయవాడలో మా ఇంట్లో, కరెంటు పోయినప్పుడల్లా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇంకెంతసేపు వస్తుందో లెక్క వేసుకుంటూ, ఇద్దరం కలిసి చూశాం. ఇంటికి పెద్దవాణ్ణి కనుక నాది డీన్ పక్షం, చిన్నది కనుక తనది సామ్ పక్షం. ఈ పక్షపాతాన్ని దాచకుండా ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే దీని అభిమానుల మధ్య ఇన్నేళ్లుగా నడుస్తున్న తగాదా అంతా దాదాపు ఇదే.

కథ తెలియనివారి కోసం రెండు ముక్కలు. కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ ఊళ్లో, 1983 నవంబర్ 2 రాత్రి, ఆరు నెలల సామ్ ఊయల గదిలో అతని తల్లి పైకప్పుకు అతుక్కుపోయి మంటల్లో కాలిపోతుంది. తండ్రి జాన్ వించెస్టర్ దెయ్యాల వేటగాడై, ఇద్దరు కొడుకులనూ ఆ వృత్తిలోనే పెంచుతాడు. పెద్దవాడు డీన్ (జెన్సన్ ఆకల్స్), చిన్నవాడు సామ్ (జారెడ్ పాడలెకీ) ఒక నల్లటి 1967 షెవర్లే ఇంపాలా కారులో ఊరూరా తిరుగుతూ వారానికొక పిశాచం పని పడుతుంటారు. గడపలో ఉప్పు గీత గీస్తే దెయ్యం దాటలేదు, ఇనుము తగిలితే మాయమవుతుంది, సమాధి తవ్వి ఎముకలకు ఉప్పు చల్లి కాలిస్తే దాని పీడ విరగడవుతుంది. ఉప్పుతో దిష్టి తీసే ఇళ్లలో పెరిగిన మనకు ఇందులో పెద్ద వింత కనిపించదు. మా అమ్మ ఒకరోజు మా వెనక నిలబడి పది నిమిషాలు చూసి, “వీళ్లకు కూడా ఉప్పేనా!” అని లోపలికి వెళ్లిపోయింది.

సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ ఈ కథను ఐదు సీజన్లకు సరిపడేలా అనుకున్నాడు. ఆ లెక్క తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఐదింటిలోనూ ప్రతి పెద్ద మలుపూ పాత్ర స్వభావంలోంచే పుడుతుంది. తమ్ముడు చచ్చిపోతే బతకలేని డీన్, రెండో సీజన్ చివర తన ఆత్మను కూడలి దగ్గర దయ్యానికి అమ్మి అతన్ని బతికించుకుంటాడు. దాని ఫలితంగా ఏడాది తిరిగేసరికి నరకానికి పోతాడు. అన్న లేని ఆ నెలల్లో కసితో, ఒంటరితనంతో రూబీ అనే దయ్యం మాట నమ్మిన సామ్ దయ్యాల రక్తం తాగడం మరుగుతాడు. ఆ మత్తులో, లోకాన్ని కాపాడుతున్నాననుకుంటూ లిలిత్ అనే దయ్యాన్ని చంపి, బందీగా ఉన్న లూసిఫర్‌ను (సైతానును) విడిపిస్తాడు. ఇద్దరూ తప్పు చేశారు, ఇద్దరి తప్పుకూ కారణం ప్రేమ, ఇద్దరూ మూల్యం చెల్లించారు. 2010 మే 13న వచ్చిన ఐదో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో, సామ్ ఒంట్లో దూరిన లూసిఫర్ డీన్ ముఖాన్ని కారుకు ఆనించి పచ్చడి చేస్తుండగా, కారులోని యాష్‌ట్రేలో ఇరుక్కున్న చిన్న బొమ్మ సైనికుడు కంటపడుతుంది. చిన్నప్పుడు దాన్ని అక్కడ ఇరికించింది సామే. ఆ బొమ్మను చూసిన క్షణంలో పాత జ్ఞాపకాలన్నీ పోటెత్తి, అతను తన శరీరాన్ని తిరిగి తన అదుపులోకి తెచ్చుకుంటాడు. లోకాన్ని మాటల్లేకుండా ఒక ప్లాస్టిక్ బొమ్మతో కాపాడిన రచయిత మీద నాకున్న గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

కథ నిజానికి అక్కడ అయిపోయింది. కానీ సీరియల్ ఆగలేదు. పగ్గాలు మొదట సెరా గాంబుల్‌కు, ఎనిమిదో సీజన్ నుంచి జెరెమీ కార్వర్‌కు, ఆ తర్వాత రాబర్ట్ సింగర్, ఆండ్రూ డాబ్‌ల జంటకు మారాయి. చాలామంది పతనం గురించి మాట్లాడేటప్పుడు మొదట విలన్లనే ఎత్తిపొడుస్తారు. లూసిఫర్‌ను మించినవాడు ఎవడుంటాడన్న చిక్కు నిజమైనదే. లెవయాథన్లనే రాక్షసులు వచ్చారు, ఆ తర్వాత దేవుడి సోదరి అయిన ‘చీకటి’ వచ్చింది, చివరికి దేవుడే విలన్ అయ్యాడు. తాడిని తన్నేవాడి తలదన్నేవాణ్ణి ఏటా ఒకణ్ణి వెతికి తేవలసి వస్తే ఏ రచయితైనా అలసిపోతాడు. కానీ నన్ను ఈ సీరియల్‌కు దూరం చేసింది విలన్లు కాదు. ఆ అన్నదమ్ములు తమలా ప్రవర్తించడం మానేయడం.

ఏడో సీజన్ మూడో ఎపిసోడ్‌లో ఏమీ అనే స్త్రీ ఉంటుంది. మనిషి కాదు, కిట్సునే అనే జీవి. జబ్బుపడిన కొడుకును బతికించుకోవడానికి మాత్రమే చంపాననీ, ఇక చంపననీ ఆమె చెబితే, చిన్ననాటి స్నేహం గుర్తున్న సామ్ ఆమెను వదిలేస్తాడు. డీన్ సరేనని, తమ్ముడికి తెలియకుండా వెళ్లి ఆమెను పొడిచి చంపుతాడు. గుమ్మంలో నిలబడి ఆమె కొడుకు చూస్తాడు. ఆ దృశ్యం బాగుంది, భయంకరంగా బాగుంది. చిక్కల్లా తర్వాతి సీజన్‌లో వచ్చింది. చనిపోయిన రాక్షసులు చేరే పర్గెటరీ అనే లోకంలో ఏడాది చిక్కుకుని తిరిగొచ్చిన అదే డీన్, తనతో కలిసి పోరాడిన బెన్నీ అనే రక్తపిశాచిని సొంత తమ్ముడికంటే ఎక్కువగా నమ్ముతాడు. సామ్‌ను తప్పించడానికి అతని ప్రియురాలు ఆపదలో ఉందన్నట్టు దొంగ సందేశం పంపుతాడు కూడా. మనిషి మారాడు అనుకోవడానికి అభ్యంతరం లేదు. ఏమీని చంపిన చేయి బెన్నీ భుజం మీద ఎలా పడిందన్న ప్రశ్న అతన్ని ఒక్క రాత్రైనా నిద్రపోనివ్వలేదని చూపించి ఉంటే చాలు. చూపించలేదు. డీన్ పక్షం వాణ్ణయి ఉండి కూడా ఇక్కడ నేను నోరెత్తలేకపోయాను.

నోరెత్తలేని అవసరం మా చెల్లెలికి కూడా అదే సీజన్‌లో పడింది. డీన్ మాయమైన ఏడాది పాటు సామ్ అతని కోసం వెతకలేదు. దారిలో కారుకు అడ్డొచ్చి గాయపడ్డ ఒక కుక్కను ఆస్పత్రికి తీసుకెళ్లి, అక్కడి పశువైద్యురాలు అమేలియాతో కాపురం లాంటిది పెట్టాడు. అభిమానుల్లో ఇప్పటికీ చల్లారని గొడవ ఈ కుక్క దగ్గరే మొదలవుతుంది. సామ్ అలసిపోయాడనీ, ఒకరి కోసం ఒకరం వెతకబోమని ముందే ఒప్పందం చేసుకున్నారనీ, మామూలు జీవితం కోరుకోవడం నేరం కాదనీ ఒక పక్షం అంటుంది. నాకు ఆ కోరిక మీద కోపం లేదు. కానీ ఇతను మూడో సీజన్‌లో, అన్న చచ్చిపోయే ఒకే మంగళవారం మళ్లీ మళ్లీ వచ్చే మాయ నుంచి బయటపడిన తర్వాత, అన్నను తిరిగి ఇమ్మని ఆ మాయ చేసిన మాయగాడి వెంట నెలల తరబడి తిరిగి బతిమాలిన సామ్. డీన్ నరకానికి పోయినప్పుడు తన ఆత్మను బదులుగా తీసుకోమని దయ్యాన్ని ప్రాధేయపడిన సామ్. ఆ మనిషికీ కుక్కను నిమురుతూ కూర్చున్న ఈ మనిషికీ మధ్య ఏం జరిగిందో ఒక్క సన్నివేశంలోనైనా చెప్పాలి కదా. ఇద్దరి మధ్యా తగువు పెట్టాలి, తగువుకు ఒక కారణం కావాలి, కనుక సామ్ వెతకలేదు. అంతే.

నా లెక్కలో అసలైన జబ్బు ఇదే. ఐదో సీజన్ దాకా స్వభావం వల్ల తగువు పుట్టేది. ఆ తర్వాత తగువు ముందుగా నిర్ణయమై, దానికి తగ్గట్టు స్వభావాన్ని మలిచారు. ప్రతి సీజన్‌లోనూ పాడిందే పాట: ఒకడు రహస్యం దాస్తాడు, రెండోవాడికి తెలుస్తుంది, కారు పక్కన నిలబడి కన్నీళ్లతో అరుచుకుంటారు, నాలుగు ఎపిసోడ్లకు కలిసిపోతారు. కలిసిపోవడం తప్పు కాదు, అన్నదమ్ములు కలిసిపోతారు. కానీ కలిసిపోయినవాళ్లకు పాత గాయం గుర్తుంటుంది, రెండోసారి అదే చోట దెబ్బ తగిలితే ఎక్కువ నొప్పెడుతుంది. వీళ్లకు ఏటా కొత్త నొప్పే.

తొమ్మిదో సీజన్‌ను మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే చేతికొచ్చిన మంచి అవకాశం జారిపోయింది అక్కడే. కోమాలో ఉన్న సామ్ చావుకు సిద్ధపడతాడు. డీన్ ఒక దేవదూతతో బేరం కుదుర్చుకుని, అన్న రూపంలోనే సామ్ మనసులోకి వెళ్లి అతని చేత ‘సరే’ అనిపించేలా చేసి, తమ్ముడి శరీరంలోకి ఆ దేవదూతను దూర్చేస్తాడు. ఎజెకియెల్‌నని చెప్పుకుని వచ్చిన ఆ దేవదూత నిజానికి గద్రీల్. తనకు తెలియకుండానే సామ్ చేతులతో కెవిన్ ట్రాన్ అనే కుర్రాడు హతమవుతాడు. నిజం తెలిశాక, అదే పరిస్థితి తిరగబడి వస్తే నీ కోసం నేను అలా చేయను అని సామ్ ముఖం మీదే చెప్పేస్తాడు.

ఆ ఎపిసోడ్ చూసిన రాత్రి మా ఇంట్లో ఫోను యుద్ధం జరిగింది. “అన్నయ్యా, నాకు స్పృహ లేనప్పుడు నా సంతకం నువ్వు పెట్టేసి, నీ మంచికేనే అంటే నేను ఊరుకుంటానా?” అంది చెల్లెలు. సంతకం పెట్టకపోతే నువ్వు ఉండవు కదా, అన్నాను. “ఉండాలా వద్దా అని నన్ను అడగాలి,” అంది. నా దగ్గర జవాబు లేకపోయింది, ఫోను పెట్టేశాను. సీరియల్‌లో కూడా ఆ ప్రశ్నకు జవాబు వస్తుందని వారం వారం ఎదురుచూశాం. పదో సీజన్‌లో, చేతి మీద కేయిన్ ముద్ర అనే శాపపు గుర్తు పడిన డీన్‌ను కాపాడటానికి సామ్ తాను చేయనన్న పనే చేస్తాడు: అన్న వద్దంటున్నా రహస్యంగా మంత్రగత్తె రోవీనాతో చేతులు కలుపుతాడు, ఆ ప్రయత్నంలో వాళ్ల స్నేహితురాలు చార్లీ చనిపోతుంది. చితి ముందు నిలబడి డీన్, ఆమె బదులు నువ్వు కాలుతూ ఉండవలసింది అంటాడు. రెండు సీజన్ల వాదనకు ఇంతకంటే పదునైన ముగింపు ఎవరికి దొరుకుతుంది? అన్న పెట్టిన సంతకం తమ్ముడే పెట్టాడు, అన్నే దాన్ని తిట్టాడు. కానీ ఇద్దరిలో ఒక్కరూ ఆ పోలికను పైకి అనరు, మౌనంగానైనా గుర్తించినట్టు కనిపించరు. సీజన్ అయిపోయింది, చీకటి విడుదలైంది, కొత్త విలన్ వచ్చింది.

చావుల సంగతి మరీ అన్యాయం. ఏడో సీజన్‌లో బాబీ సింగర్ (జిమ్ బీవర్) తలలో తూటాతో చచ్చిపోతూ, తాను పెంచిన ఆ ఇద్దరినీ చూసి చివరిగా ఒక ప్రేమతిట్టు తిట్టి కన్నుమూస్తాడు. అది చూసి ఏడవనివాణ్ణి నేను చూడలేదు. ఆ తర్వాత ఆయన దెయ్యమై వచ్చాడు. మరికొన్నాళ్లకు వేరే లోకంలోని ఇంకో బాబీ వచ్చాడు, చార్లీ కూడా అలాగే వచ్చింది. మనవాళ్లలో దింపుడు కళ్లం ఆశ అని ఒకటుంది, శ్మశానం దారిలో పాడె దించి చెవిలో పేరు పెట్టి పిలిస్తే లేస్తాడేమోనన్న ఆశ. ఇక్కడ ప్రతిసారీ లేచారు. దాంతో ఏడుపు మాని క్యాలెండర్ చూసుకోవడం అలవాటైంది. మన డైలీ సీరియళ్లను నవ్వుకునే హక్కు ఆ రోజుతో పోయింది నాకు.

ఒక పాత ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే స్వర్ణయుగమని నేను మెచ్చుకున్న ఐదో సీజన్‌లోదే అది. రకరకాల మతాల దేవతలు ఒక హోటల్‌లో సమావేశమై నరమాంసం వడ్డించుకునే ఎపిసోడ్‌లో కాళి, గణేశుడు కూడా ఉంటారు. లూసిఫర్ వచ్చి ఆ సభను నరికి పోగులు పెడతాడు. వినాయక చవితికి ఉండ్రాళ్లు తినే ఇంట్లో కూర్చుని అది చూడటం ఎలా ఉంటుందో రాసినవాళ్లకు తట్టి ఉండదు. బైబిల్ దేవదూతలకు ఇచ్చినంత లోతు మిగతావారికి ఇవ్వాలన్న ఆలోచన ఈ సీరియల్‌కు ఏనాడూ రాలేదు.

మంచిని దాచను. పదకొండో సీజన్‌లో కథంతా కారు లోపలి నుంచే చూపించిన ఎపిసోడ్, 2019 ఫిబ్రవరిలో తండ్రిని ఒక్క పూట భోజనానికి తిరిగి తెచ్చిన 300వ ఎపిసోడ్, మొదటి ఐదు సీజన్ల సరసన నిలబడతాయి. నటులు ఎక్కడా అలసట చూపించలేదు. నాలుగో సీజన్‌లో అడుగుపెట్టిన మీషా కాలిన్స్ అయితే, క్యాస్టియెల్ అనే దేవదూత పాత్రను రచయితలు ఒకసారి దేవుణ్ణి, ఒకసారి పిచ్చివాణ్ణి, ఒకసారి మామూలు మనిషిని చేసినా, ఆ మెడ వంపును మాత్రం వదల్లేదు.

ఇక ముగింపు. కరోనా వల్ల 2020 మార్చిలో, ఇంకా రెండు ఎపిసోడ్లు మిగిలి ఉండగా, చిత్రీకరణ ఆగింది. నవంబర్ 5న వచ్చిన ఎపిసోడ్‌లో క్యాస్టియెల్ తన ప్రేమను డీన్‌కు చెప్పి శూన్యంలో కలిసిపోతాడు. డీన్ దాని గురించి మనసు విప్పి మాట్లాడింది లేదు. ఆఖరి ఎపిసోడ్‌లో డీన్ ఒక పాకలో రక్తపిశాచులతో కొట్లాడుతూ పొడుచుకొచ్చి ఉన్న ఇనుప చువ్వ గుచ్చుకుని చనిపోతాడు. సామ్ ముసలివాడై, కొడుక్కి డీన్ అని పేరు పెట్టుకుని, మంచం మీద కన్నుమూస్తాడు. దేవుణ్ణి ఓడించినవాడు చువ్వకు పోవడమేమిటని చాలామంది మండిపడ్డారు. నాకు మాత్రం అది నచ్చింది. పదేళ్ల తర్వాత ఒక చావు చావులా ఉంది.

నేను క్షమించలేనిది వేరే ఉంది. పద్నాలుగో సీజన్ చివర, దేవుడైన చక్ ఒక రచయిత అనీ, ఈ అన్నదమ్ముల బాధలన్నీ తన వినోదం కోసం రాసుకున్న కథలేననీ తేలుస్తారు. తెలివైన ఎత్తే. అన్నదీ తమ్ముడిదీ కాదు, తప్పు రాసినవాడిదేనని పాత్రల చేతే అనిపించారు. మా పదేళ్ల తగాదాకు తీర్పు ఇదే కదా అని మొదట నవ్వుకున్నాను. కానీ ఆ ఎత్తుతో కుక్క, దొంగ సందేశం, గద్రీల్, చితి ముందు మాట, అన్నీ చక్ ఖాతాలో పడిపోయాయి. వాటికి డీన్ గానీ సామ్ గానీ ఇక జవాబు చెప్పనక్కర్లేదు.

కొత్తగా చూసేవారికి నా సలహా: మొదటి ఐదూ పూర్తిగా, ఏడో సీజన్‌ను బాబీ పోయే దాకా, ఆ పైన ఎవరైనా మంచిదని చెప్పినవి ఏరుకుని చూడండి. మేమిద్దరం ఈ సంక్రాంతికి మళ్లీ మొదలుపెట్టాం. ఎనిమిదో సీజన్‌కు వచ్చేసరికి బెన్నీ కనబడితే నేను టీ పెట్టడానికి లేస్తున్నాను, కుక్క వచ్చే చోట రిమోట్ తన చేతిలో ఉంటోంది.