అర ఎకరం తోట, 15 ఇళ్లు: ముందే చందా మేలా, వారం వారం ఆర్డర్ మేలా?

చేవెళ్ల వైపో, ఇబ్రహీంపట్నం వైపో ఇంటి చుట్టూ అర ఎకరం ఉండి, హైదరాబాద్‌లో తెలిసిన ఇళ్లకు కూరగాయలు పంపాలనుకుంటే దారులు రెండు. నాలుగు వారాల డబ్బు ముందే తీసుకుని, తోటలో కాసినవి సంచీకి సర్ది పంపడం ఒకటి. వాట్సాప్‌లో జాబితా పెట్టి, అడిగినవి అడిగినంత కోసి పంపడం రెండోది. కొనేవాళ్లకు రెండోదే నచ్చుతుంది. పండించేవాళ్లకు మొదటిదే మేలు. ఎందుకో బెండ సాలులో నిలబడితే తెలుస్తుంది.

పూత విప్పిన ఐదారు రోజులకు బెండకాయ కోతకొస్తుంది. రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఆర్డర్లు తక్కువని మొక్క మీదే వదిలేస్తే రెండు రోజుల్లో పీచు పడుతుంది, కొస విరిస్తే విరగదు. ముదురు కాయ ఉన్నంతసేపు కొత్త కాపూ తగ్గుతుంది. బీర, కాకరలదీ ఇదే తీరు. తోట ఆర్డర్ కోసం ఆగదు. అందుకే చందాలోనైనా 15 ఇళ్లకూ ఒకే రోజు పంపకండి. ఎనిమిది ఇళ్లకు బుధవారం, ఏడింటికి శనివారం పెట్టుకుంటే కోతలన్నీ సంచుల్లోకే వెళ్తాయి.

రెండో కారణం ధర. 2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటింది. అలాంటప్పుడు ఆర్డర్ పద్ధతిలో అందరూ టమాటాయే రాస్తారు, సొరకాయ తీగకే వేలాడుతుంది. మార్కెట్లో టమాటా పది రూపాయలకు పడిపోయిన వారం మీ జాబితా ఎవరూ తెరవరు. చందాలో సంచీ ధర సీజన్ మొత్తానికి ఒకటే. ఈ మాట మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి, లేకపోతే చవక వారంలో పేచీ వస్తుంది.

చందా ఉంటే విత్తడం లెక్క ప్రకారం సాగుతుంది. నలుగురున్న ఇంటికి వారానికి 5 కిలోల కూరగాయలు, నాలుగు కట్టల ఆకుకూర అనుకుంటే 15 ఇళ్లకు 75 కిలోలు, 60 కట్టలు. తోటకూర 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు మడి ఒక్కటి వేస్తే 200 గ్రాముల కట్టలు 15 వస్తాయి. నెల తిరక్కుండా కోతకొస్తుంది కాబట్టి వారానికో మడి విత్తుతూ పోవాలి. పాలకూర ఒకసారి కోశాక మళ్లీ చిగురిస్తుంది, దానికి ఇంత తొందర అక్కర్లేదు. అన్నిటా నాలుగో వంతు ఎక్కువే వేయండి. ఒక్క గట్టి వాన పడితే ఆకుకూర మీద మట్టి చింది పాడవుతుంది. మిగిలితే రైతుబజారు ఉండనే ఉంది.

అయితే చందా తెగిపోయేది ‘మళ్లీ సొరకాయేనా?’ అన్న దగ్గరే. దీనికి మందు ఒక్క మార్పిడి: ముందు రోజు మధ్యాహ్నంలోగా చెబితే ఒక్క రకం మార్చి ఇస్తామనండి. రెండు ఒప్పుకుంటే అది మళ్లీ ఆర్డర్ పద్ధతే అవుతుంది. తీగజాతి కాయలు సంచీలో రెండు రకాలకు మించకుండా చూడండి. డబ్బు నెల లెక్కన కాకుండా నాలుగు సంచుల లెక్కన తీసుకోండి, ఐదు శనివారాలున్న నెలలో గొడవ ఉండదు. ఊరెళ్తే ఒక సంచీ తర్వాతి వారానికి జరుపుకోవచ్చు. సంక్రాంతికి సగం ఇళ్లు ఖాళీ అవుతాయి, తోట మాత్రం నిండుగా ఉంటుంది. ఆ వారం రైతుబజారుకు ముందే సిద్ధపడాలి.

మే నెలలో చందా ఆపేయడమే మంచిది. ఎండకు కొత్తిమీర కట్ట కాకముందే పూతకొస్తుంది, ఆకుకూరలకు నీడ వల కావాలి, పిల్లలకు సెలవులు. తోటలో లేనివి మార్కెట్లో కొని సంచీలో కలపకండి. ఒక్కసారి తెలిస్తే మీ తోట మీద నమ్మకం పోతుంది. సేంద్రియ సర్టిఫికెట్ లేకుండా సంచీ మీద జైవిక్ భారత్ లాంటి ప్రభుత్వ సేంద్రియ ముద్ర వేయడమూ తప్పే.

సర్దడంలో గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. సొర, దోస అడుగున, ఆకుకూర పైన. పండిన టమాటా పక్కన కొత్తిమీర పెడితే త్వరగా పసుపెక్కుతుంది, టమాటా దోరగా ఉండగానే కోయండి. బెండకాయ మీద నీళ్లు చల్లితే నల్లబడుతుంది. ఇంటికి రెండేసి గుడ్డ సంచులు పెట్టుకుని, నిండుది ఇచ్చి ఖాళీది తెచ్చుకోవాలి.

ఆర్డర్ పద్ధతికీ చోటుంది. తోట పెట్టిన మొదటి సీజన్‌లో ఏ వారం ఎంత వస్తుందో చెప్పలేనప్పుడు ముందు డబ్బు తీసుకోకూడదు, ఆర్డర్లే మేలు. గుడ్లు, మునక్కాయలు, నిమ్మకాయల్లాంటివి ఒకట్రెండు రోజులు ఆగినా పాడవవు కాబట్టి చందా ఇళ్లకే సంచీకి అదనంగా ఆర్డర్ మీద ఇవ్వవచ్చు. రెండు సీజన్ల కోతల బరువు పుస్తకంలో రాసుకున్నాక, అన్నిటికన్నా తక్కువ వచ్చిన వారాన్ని చూడండి. ఆ వారం ఎన్ని సంచులు నిండేవో అన్ని ఇళ్లకే చందా తీసుకోండి.