ఇంటి పర్మిషన్ పంచాయతీదా, ఆన్‌లైన్‌దా: ఏది మేలు?

నల్లగొండ చుట్టుపక్కల ప్లాటు చూసుకునేవాళ్లు ఈ మధ్య నన్ను పదే పదే అడుగుతున్నది ఒకటే. మున్సిపాలిటీలో కొంటే ఆన్‌లైన్, సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఫీజులు అని సతాయిస్తారు, ఆ పక్క ఊళ్లో కొంటే పంచాయతీ సెక్రటరీ దగ్గరే పని అయిపోతుంది కదా, ఏది నయమన్నా అని. ప్లాన్లు గీసే పనిలో ఉన్నాను కాబట్టి రెండు రకాల ఫైళ్లూ నా చేతి మీదుగా పోతుంటాయి. నా ఓటు ఆన్‌లైన్ పద్ధతికే, అయితే పంచాయతీలో మంచి లేదని కాదు.

పంచాయతీలో ఫీజు తక్కువ, ఆఫీసు ఇంటి పక్కనే, మీరెవరో మీ ప్లాటు ఎక్కడో సెక్రటరీకి ముందే తెలుసు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 300 చదరపు మీటర్ల స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు, అంటే జీ ప్లస్ టూ (కింది అంతస్తు, పైన ఇంకో రెండు) దాకా, వాళ్లే అనుమతి ఇవ్వొచ్చు. సొంతూళ్లో తాతల నాటి జాగలో ఇల్లు కట్టుకునేవాళ్లకు నిజంగా ఇదే సుఖం.

ఇబ్బంది ఎక్కడంటే, ఊరూరికీ లెక్క మారుతుంది. ఒక ఊళ్లో ఇంటిపన్ను రసీదు, రిజిస్ట్రేషన్ కాగితం చాలంటారు, నాలుగు కిలోమీటర్ల అవతల లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల కాగితాలు), లేఅవుట్ కాపీ, పక్క ప్లాటువాళ్ల సంతకం కూడా కావాలంటారు. అదే ఊళ్లో సెక్రటరీ మారితే మళ్లీ కొత్త కొర్రీలు. ఏం అడుగుతారో వెళ్లేదాకా తెలియదు, తెలియనిచోటే మధ్యవర్తి పుట్టుకొస్తాడు, చేయి తడపాల్సి వస్తుంది.

2020 నవంబర్‌లో ఇంటి అనుమతుల ఆన్‌లైన్ పద్ధతి టీఎస్ బీపాస్ మొదలయ్యాక మున్సిపాలిటీల్లో ఈ లెక్క రాష్ట్రమంతా ఒకటయింది. 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సరి. దాదాపు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అంతకు మించితే సింగిల్ విండోలో 21 రోజుల గడువు, అప్పటికీ ఏమీ తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే. 2025లో వచ్చిన కొత్త ఆన్‌లైన్ పద్ధతి బిల్డ్‌నౌలో డ్రాయింగును సాఫ్ట్‌వేరే నిబంధనలతో పోల్చి చూస్తుంది.

అందరూ ఇందులో త్వరగా పని అవుతుందనే మాటే చెప్తారు. నాకు మాత్రం అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది: ఎవరినీ అడగకుండా ఇంటి యజమానే ముందుగా లెక్క చూసుకోవచ్చు. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు ఉన్న 150 గజాల ప్లాటు తీసుకోండి. ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. అంటే ముందు దాదాపు 5 అడుగులు, పక్కలకు మూడుంబావు అడుగుల చొప్పున పోతే కట్టుకోవడానికి వెడల్పులో ఇరవై మూడున్నర అడుగులు మిగులుతాయి. టేపు పట్టుకుని నిలబడితే మీ ఇల్లాలికి కూడా ఎంత గది వస్తుందో చెప్పేయొచ్చు. మిర్యాలగూడలోనూ అంతే, జడ్చర్లలోనూ అంతే. ఎత్తు 7 మీటర్లు దాటకపోతే ఈ సైజు ప్లాటులో కట్టే దాంట్లో పది శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టే గొడవ కూడా ఉండదు. ఆ మీదట ఆఫీసర్ ఎవరైనా, ఏ పార్టీ వచ్చినా లెక్క మీ చేతిలోనే ఉంటుంది.

అయితే ఈ సుఖం వెనకే బాధ్యత కూడా ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చేతులు జోడించి చెప్తున్నాను. సొంత ధ్రువీకరణ అంటే తప్పు తేలితే భారమంతా మీదే. డాక్యుమెంట్‌లో 30 అడుగులు ఉండి రోడ్డులో కొంత పోయి స్థలం మీద 28 అడుగులే ఉంటే, డ్రాయింగ్ 30కి గీసి అప్‌లోడ్ చేస్తే కంప్యూటర్ ఒప్పుకుంటుంది, తనిఖీకి వచ్చినవాళ్లు ఒప్పుకోరు. తప్పుడు సమాచారంతో తెచ్చుకున్న అనుమతి రద్దవుతుంది, అక్రమ కట్టడాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం చట్టంలో ఉంది. అందుకే కొలత వేయించుకున్నాకే సంతకం పెట్టండి, ఓటీపీలు ఎవరికి పడితే వాళ్లకు చెప్పకండి. ప్లాటు అనుమతి లేని లేఅవుట్‌లో ఉంటే ముందు ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) సంగతి తేల్చుకోవాలి, లేకపోతే ఎంత వేగమైన పద్ధతి ఉన్నా ఫైలు కదలదు.

పంచాయతీ వైపు మొగ్గేవాళ్లు ఇంకొకటి ఆలోచించాలి. 2018లో చిట్యాల, హాలియా, చండూరు మున్సిపాలిటీలయ్యాయి. నిన్నటిదాకా గ్రామంలో ఉన్న ఇల్లు ఇవాళ పట్టణంలోకి వచ్చింది, మీద ఇంకో అంతస్తు వేయాలన్నా, బ్యాంకు లోను కావాలన్నా పాత కాగితం చూపిస్తే కొత్త ప్రశ్నలు వస్తాయి. హైవే పక్కన ఊళ్లలో కొనేవాళ్లకు ఇది రేపటి సంగతే.

అసలు పర్మిషనే లేకుండా కట్టేసి తర్వాత క్రమబద్ధీకరించుకుందామనే మూడో దారి నాకు చెప్పొద్దు. 2015లో అలా పెట్టుకున్న దరఖాస్తులు కోర్టు కేసుతో ఏళ్ల తరబడి ఆగిపోయాయి.

కాబట్టి పాత ఊళ్లో తాతల జాగ అయితే పంచాయతీకే వెళ్లండి, కాకపోతే ప్లాను కాపీ మీద సెక్రటరీ సంతకం, తేదీ, రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి. కొత్త ప్లాటు అయితే మున్సిపాలిటీలోనే తీసుకోండి. అడ్వాన్సు ఇచ్చేముందు అక్కడి రోడ్డు వెడల్పు కాగితంలో చూపినంత ఉందో లేదో మీరే కొలవండి.