కోవెంట్రీ కెథీడ్రల్: పొద్దున్నే వెళ్ళండి

లండన్ యూస్టన్‌లో రైలెక్కితే గంటలో కోవెంట్రీ. స్టేషన్ నుంచి కెథీడ్రల్‌కి పావుగంట నడక, టాక్సీ దండగ. దారి మాత్రం ఏమంత బాగోదు. రింగ్ రోడ్డు, కాంక్రీటు, దుకాణాలు... అక్కడే ఊరికి మార్కులు వేసెయ్యకండి.

ముందు పాత చర్చి శిథిలాలు చూడాలి. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ బాంబులకు కప్పు మొత్తం పోయింది; చుట్టూ గోడలు, పొడవాటి శిఖరం మిగిలాయి. ఆర్కిటెక్ట్ బేసిల్ స్పెన్స్ వాటిని కూలగొట్టకుండా, ఆనుకునే కొత్తది కట్టించాడు. 1962లో ప్రతిష్ఠ జరిగింది. శుక్రవారం మధ్యాహ్నం 12కి ఈ శిథిలాల్లోనే సయోధ్య ప్రార్థన ఉంటుంది. వీలైతే శుక్రవారమే పెట్టుకోండి. ఆదివారం ఆరాధనల మధ్య తీరిగ్గా తిరగడం కష్టం.

కొత్త చర్చిలో అడుగుపెట్టగానే చాలామంది పెదవి విరుస్తారు. ఎటు చూసినా బోసి గోడలే. అసలు కిటికీలు పెట్టలేదా అనిపిస్తుంది. గోడలు రంపం పళ్ళలా వంకర తిరిగి ఉంటాయి, అద్దాలన్నీ బలిపీఠం వైపుకే. చివరిదాకా నడిచి వెనక్కి తిరిగితేగానీ పది కిటికీల రంగులూ కంటపడవు. సగం దూరం వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళని చూస్తే పిలిచి చెప్పాలనిపించింది.

బలిపీఠం వెనకున్న, చిత్రకారుడు గ్రాహం సదర్లండ్ గీసిచ్చిన క్రీస్తు బొమ్మ తెర 23 మీటర్ల ఎత్తు, ఫ్రాన్స్‌లో ఒకే ముక్కగా నేశారు. నేతపనికి దణ్ణం పెట్టాల్సిందే, బొమ్మ వెనకున్న ఆకుపచ్చ మాత్రం నాకు ఎక్కలేదు. నా ఓటు బాప్తిస్మపు కిటికీకి. జాన్ పైపర్ గీసిన 195 గాజు పలకలు. అంచుల్లో ఎరుపు, నీలం, నడిమికి వచ్చేసరికి పసుపు, తెలుపు. దాని ముందు బెత్లెహేం దగ్గర నుంచి తెచ్చిన మొరటు బండరాయి. బాప్తిస్మం నీళ్ళకు పైన చిన్న గుంట తొలిచారంతే, మిగతాది చెక్కలేదు. ఈ కిటికీ తూర్పు ముఖం కాబట్టే పొద్దున్నే వెళ్ళమంటున్నాను.

ఎదురుగా ఉన్న హెర్బర్ట్ గ్యాలరీకి టికెట్ లేదు, తప్పక చూడండి. పక్కనే కోవెంట్రీ యూనివర్సిటీ. చదువుకుంటున్న మన పిల్లలెవరైనా తెలిసుంటే భోజనం ఎక్కడ బాగుంటుందో వాళ్ళనే అడగండి. నేను తిన్న కెఫేలో సూప్ చల్లారిపోయింది, బిల్లు మాత్రం వేడిగానే ఉంది. రాత్రి బస ఇక్కడే అక్కర్లేదు. బర్మింగ్‌హామ్ రైల్లో అరగంట లోపే, అక్కడ హోటళ్ళు ఎక్కువ.