వడ్డేశ్వరం, మంగళగిరి మధ్య పదేళ్ల తిండి

వడ్డేశ్వరంలో ఇడ్లీ తినాలంటే ఏడున్నర లోపు తినాలి. ఎనిమిదిన్నరకి వెళ్లి, అదే బండి దగ్గర అదే ఇడ్లీ తిని, "ఇదేనా నువ్వు అంత గొప్పగా చెప్పింది?" అని నన్ను నిలదీసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇడ్లీ తప్పు కాదు, టైమ్ తప్పు. 2015లో బీటెక్‌కని ఇక్కడికొచ్చాను. చదువైపోయాక మంగళగిరిలోనే ఉద్యోగం దొరికి ఇక్కడే పాతుకుపోయాను. హాస్టల్ మెస్, ప్రైవేటు మెస్, బండి, కర్రీ పాయింట్, దాబా, ఒకే పెద్ద పళ్లెంలో వడ్డించే అరబ్బీ మందీ, అన్నీ తిన్నాను. ఈ ఏడాది మా పిన్నికొడుకు ఇక్కడే చేరాడు. "అన్నా, ఎక్కడ తినాలి?" అని రోజూ ఫోను. వాడికి రోజుకో ముక్క చెప్పలేక, ఉన్నదంతా ఒకచోట రాస్తున్నాను. వాడికి ముందే చెప్పాను, ఈ ఊళ్లో ఎక్కడ అని అడక్కు, ఎన్నింటికి అని అడుగు.

తెలియనివాళ్లకి చెప్పాలంటే, ఇది విజయవాడకీ గుంటూరుకీ మధ్య, హైవేకి కాస్త లోపలగా ఉన్న ఊరు. 1980లో ఇక్కడ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టారు, 2009లో అది డీమ్డ్ యూనివర్సిటీ అయింది. తర్వాత రాజధాని మాట వచ్చింది, నీరుకొండలో, ఐనవోలులో ఇంకో రెండు యూనివర్సిటీలు వచ్చాయి, మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. ఊరు పెరగడం వేరు, తిండి పెరగడం వేరు. మొదట బోర్డులు పెరిగాయి. తిండి నెమ్మదిగా వెనకాల వచ్చింది, కొన్నిచోట్ల ఇంకా రాలేదు.

ఇడ్లీ బండి సంగతి ముందు. ఊళ్లోకి వెళ్లే రోడ్డు మీద వేపచెట్టు కింద భార్యాభర్తలు నడిపే బండి అది. పేరూ లేదు, బోర్డూ లేదు. ఆరుంబావుకి మొదటి వాయి దిగుతుంది. రేకుల మీద తడిగుడ్డ పరిచి పోసే ఇడ్లీ. గుడ్డ లాగుతుంటే ఇడ్లీ పై పొర అంటుకోకుండా ఊడొచ్చిందంటే ఆ వాయి కుదిరినట్టు. పైన కారప్పొడి జల్లి, చెంచాడు నెయ్యి వేస్తారు. నెయ్యికి వేరే పది రూపాయలు, ఇచ్చేయండి. పల్లీ చట్నీ మొదటి గిన్నెలోది అయితే ఇడ్లీ మీద వేసినచోటే కూర్చుంటుంది. ఎనిమిది దాటాక కాలేజీ బస్సుల జనం దిగుతారు. గిన్నెలోకి చెంబుడు నీళ్లు పడతాయి, చట్నీ ప్లేటు అంచుదాకా పారుతుంది. ఎండాకాలమైతే తొమ్మిదింటికల్లా పిండి కూడా పులుపెక్కుతుంది.

ఒకరోజు ఆగలేక అడిగేశాను. "ఏంటక్కా, ఇవాళ చట్నీ ఈత కొడుతోంది?"

"తొమ్మిదింటికి లేచొచ్చి నా చట్నీ మీద పడతావేంటి అబ్బాయ్? ఏడింటికి రా, గిన్నె గోకి పెడతా."

మర్నాడు ఏడింటికి వెళ్లాను. నిజంగానే గోకి పెట్టింది. నేను వచ్చిన కొత్తలో ప్లేటు ఇరవై, ఇప్పుడు నలభై. ఇడ్లీ సైజు మాత్రం తగ్గలేదు, అది ఒప్పుకోవాలి. మైసూర్ బజ్జీ వద్దు, అది ఆయన డిపార్ట్‌మెంటు, ఆయన ఫోనులో ఉంటే లోపల పిండి పచ్చిగా ఉండిపోతుంది.

మెస్‌ల గురించి నాకు మంచి అభిప్రాయం లేదు, పూర్తిగా చెడ్డదీ లేదు. ప్రతి మెస్సూ జూన్, జూలైలలో అమ్మ వంటలా ఉంటుంది. కొత్త బ్యాచ్ దిగుతుంది కదా, కార్డులు కొనిపించాలి. పప్పులో నెయ్యి వాసన, ఆదివారం చికెన్‌లో ముక్కలు, పెరుగు గట్టిగా. దసరా సెలవులయ్యేసరికి దోసకాయ పప్పులో దోసకాయలే మిగులుతాయి. అందుకని జూలైలో తిని మెస్ ఎంచుకోకండి. సీనియర్ని పట్టుకుని నవంబరులో ఎలా ఉంటుందో అడగండి. ఇంకోటి, నెలకి మించి అడ్వాన్స్ కట్టొద్దు. నేను రెండో సంవత్సరంలో మూడు వందలు తగ్గిస్తామంటే ఆశపడి మూడు నెలలకి ఒకేసారి కట్టాను. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి షట్టర్ దించి ఉంది. వంటమనిషి తిరిగి రాలేదట, ఓనరు ఫోను ఎత్తలేదు. ఆ మూడు వందల కోసం పోయిన డబ్బు ఇప్పటికీ గుర్తొస్తే కడుపు మండుతుంది, అన్నం లేకుండానే.

అప్పుడే కర్రీ పాయింట్ అలవాటైంది. నా లెక్కలో ఈ ఊరి అసలు తిండి ఇదే. రూములో చిన్న రైస్ కుక్కర్, గ్లాసు బియ్యం, సాయంత్రం కర్రీ పాయింట్ నుంచి పప్పొకటి, వేపుడొకటి. ఇద్దరికి హాయిగా సరిపోతుంది. మన బీపీటీ బియ్యం ఇక్కడికి దగ్గర్లోని బాపట్లలోనే పుట్టింది, 1986లో విడుదల చేసిన రకం, సాంబ మసూరి అంటాం కదా, అదే. కాస్త పాతబడ్డ బియ్యమైతే అన్నం పొడిపొడిగా వస్తుంది. కొత్త బియ్యం కొని ముద్దయిందని కుక్కర్ని తిట్టకండి.

కర్రీ పాయింట్‌లో ఆరున్నరకి బేసిన్లు బయటికొస్తాయి. ముందు వరసలో వేపుళ్లు, వెనక పప్పూ సాంబారూ పులుసులూ, పక్కన చిన్న గిన్నెల్లో రోటి పచ్చళ్లు. నేను వెళ్లే చోట దొండకాయ వేపుడులో పల్లీలూ ఎండుకొబ్బరీ వేస్తారు. అది ఏడుంబావు దాటితే ఉండదు. గోంగూర పప్పు ఉన్న రోజు ఏడుకే బేసిన్ అడుగు కనిపిస్తుంది. గుంటూరు జిల్లా కదా మరి. రాత్రి తొమ్మిదింటికి ఏ కర్రీ పాయింట్‌లోనైనా మిగిలేది క్యాబేజీ. పదేళ్లలో ఇది తప్పిన రోజు నాకు గుర్తులేదు.

ఇక్కడ చిన్న కిటుకు ఉంది. స్టీలు గిన్నె తీసుకెళ్లండి. పల్చటి కవర్లో పొగలు కక్కే పప్పు పోయించుకోవడం ఎలాగూ మంచిది కాదు. పైగా గిన్నె చూస్తే గరిట కాస్త ఉదారంగా వంగుతుంది, కవరైతే మూతి మెలితిప్పడానికి చోటు వదలాలని తక్కువ పోస్తారు. అర గరిట తేడా ఉంటుంది, నేను ఇంటికొచ్చి కొలిచి చూశాను, సిగ్గుపడను. పులుసులు మాత్రం ఆ పూటకే. కోడిగుడ్డు పులుసు మర్నాటి పొద్దున్నకి దాచుకునే ఆలోచన ఉంటే మానుకోండి, రూముల్లో ఫ్రిజ్‌లు ఉండవు.

ఫ్రైడ్ రైస్ బండ్ల దగ్గర ఈ టైమ్ లెక్క తిరగబడుతుంది. అవి సాయంత్రం ఆరుకి మొదలవుతాయి, కానీ అన్నం ఎప్పుడు వండారన్నదే ప్రశ్న. మధ్యాహ్నమే వండి ఆరబెట్టేస్తారు, అన్నం పొడిగా ఉంటేనే కళాయిలో ఎగురుతుంది కాబట్టి. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో ఒక రకం బాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు, ఆ విషం మళ్లీ ఎంత పెద్ద మంట మీద వేయించినా పోదు. ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. మూడో సంవత్సరం మే నెలలో ఒక బండి దగ్గర డబుల్ ఎగ్ ఫ్రైడ్ రైస్ తిని, రాత్రంతా బాత్రూములో కూర్చుని, మర్నాడు సెలైన్ ఎక్కించుకుంటుంటే డాక్టరు చెప్పారు. అప్పట్నుంచి ఎండాకాలంలో నూడుల్స్ మాత్రమే, అవీ నా ముందు ఉడికించి వార్చినవి. చలికాలంలో తింటాను, అబద్ధమెందుకు. టేస్టింగ్ సాల్ట్ తక్కువ వేయమంటే వేస్తారు, కానీ ముఖం అదోలా పెడతారు.

బిర్యానీ, మందీ సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి డేగిశా మూత తీసినప్పుడు తినండి, రాత్రి పదికి తినకండి. మందీ నలుగురు కలిస్తేనే గిట్టుబాటు. యాప్‌లో ఆర్డరిస్తే కౌంటరు ధర కంటే ఎంత ఎక్కువ పడుతుందో బిల్లులు పక్కపక్కన పెట్టి చూసుకోండి, నేను అది చూశాకే బైకు స్టాండు తీసి నేనే వెళ్లడం నేర్చుకున్నాను.

రొట్టెల విషయంలో ఊరు నిజంగా మారింది. నేను చేరినప్పుడు చపాతీ అంటే మెస్‌లో రాత్రిపూట ఇచ్చే అప్పడం లాంటి వస్తువు. తర్వాత బీహారు, యూపీ పిల్లలు బాగా పెరిగారు. ఇప్పుడు గేటు ఎదురుగా ఆలూ పరాఠా పెనం మీద కాలుతూ కనిపిస్తుంది. ఒకాయన, పక్కా తెనాలి మనిషి, అద్దెకున్న కుర్రాళ్ల దగ్గర నేర్చుకుని పరాఠా పెట్టాడు. పెరుగుతోపాటు అల్లం పచ్చడి కూడా వడ్డిస్తాడు. మొదట్లో ఆ పిల్లలు నవ్వారట, ఇప్పుడు రెండోసారి అడిగి మరీ వేయించుకుంటున్నారు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఈ ఊళ్లో ధైర్యంగా తినగలిగింది ఇదొక్కటే. పిండి కలిపిందీ కాల్చిందీ కళ్లముందే.

మంగళగిరి వెళ్తే కొండెక్కి పానకం తాగకుండా రావద్దు. పానకాల స్వామి నోట్లో బెల్లం పానకం పోస్తారు, గుటక వేసిన చప్పుడు వస్తుంది, సగం ఆయనకి, మిగతా సగం మనకి. భక్తి సంగతి మీ ఇష్టం. ఏప్రిల్ ఎండలో మెట్లెక్కి వెళ్లాక ఆ మిరియాలు, యాలకులు వేసిన పానకం గొంతులో దిగుతుంటే ఉండే సుఖానికి ఏ కూల్‌డ్రింకూ సాటి రాదు. కింద, పదకొండు అంతస్తుల గాలిగోపురం చుట్టుపక్కల వీధుల్లో సాయంత్రం ఐదున్నరకి మిరపకాయ బజ్జీలు వేస్తారు. లోపల వాముపొడి కూరినవి అడగండి. వర్షం పడిన సాయంత్రం అయితే ఐదుకే వెళ్లాలి, ఊరంతా అక్కడే ఉంటుంది.

విజయవాడ వెళ్లి తినాలా అని మావాడు అడిగాడు. నెలకోసారి వెళ్లాలి. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ 1942 నుంచీ ఉంది. ఇడ్లీ మీద వెన్న ముద్ద పెట్టి ఇస్తారు, అది కరిగేలోపు తినాలి. అక్కడ కూడా టైమే. ఆదివారం ఏడింటికి బయల్దేరితే వారధి ఖాళీగా ఉంటుంది. తొమ్మిదికి బయల్దేరితే ఆకలి వారధి మీదే చచ్చిపోతుంది.

ఇక సెలవులు. ఈ ఊళ్లో తిండి కష్టం అంటే ఏంటో సంక్రాంతికి రూములో ఉండిపోయినవాడికి తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాకు లీవు దొరకలేదు. భోగి రోజు కర్రీ పాయింట్ మూత, మెస్సులు మూత, పరాఠా ఆయన తెనాలి. బేకరీలో బన్ను తిని పడుకున్నాను. పండగ రోజు పొద్దున రోడ్డు మీద కనిపిస్తే ఇడ్లీ అక్క ఇంటికి పిలిచి, అరిసెలూ పులిహోరా పెట్టింది. "ఊరెళ్లకపోతే ముందే చెప్పాలిగా నాయనా" అని తిట్టింది కూడా. అందుకని జనవరి రెండో వారానికి ముందే అటుకులు, గుడ్లు, కాస్త ఆవకాయ రూములో పెట్టుకోండి.

అక్క ఇడ్లీ బండి మళ్లీ పెట్టేది ముక్కనుమ వెళ్లిన మర్నాడు. నాలుగైదు రోజులు ఆగాక చేతికి కొలత మళ్లీ అలవాటు కావాలట, ఆ రోజు పల్లీలు ఎక్కువ పడతాయి, జనం ఇంకా ఊళ్లనుంచి దిగరు కాబట్టి నీళ్లు పడవు. ఆ ఒక్కరోజు ఎనిమిదిన్నరకి వెళ్లినా ఫర్వాలేదు.