ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ లోపం: స్కానరా, మల్టీమీటరా?

ఇంజిన్ ఆయిల్ వేడిని కొలిచే సెన్సర్ సర్క్యూట్‌లో లోపముందని చెప్పే పీ0197, పీ0198 కోడ్ కనబడగానే చాలామంది సెన్సర్ మార్చేస్తారు. తప్పు వైరుదే కావచ్చు కదా!

స్కానర్‌లో (బండి కంప్యూటర్‌లోని కోడ్లు, రీడింగులు చూపే పరికరం), రాత్రంతా ఆగిన ఇంజిన్‌కు ఆయిల్, కూలెంట్ ఉష్ణోగ్రతలు దాదాపు ఒకటిగా ఉండాలి. ఆయిల్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే సర్క్యూట్ తెగిందని అనుమానించాలి. రెండు వైర్ల సెన్సర్ అయితే కనెక్టర్ ఊడదీసి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపు రెండు పిన్నులనూ ఫ్యూజున్న జంపర్ వైరుతో కలపండి. రీడింగ్ అమాంతం పైకెగిరితే వైరింగ్ బాగున్నట్టే. తప్పు సెన్సర్‌దో, కనెక్టర్ పట్టుదో.

మల్టీమీటర్‌తో పని నిదానం, కానీ సెన్సర్ సంగతి తేల్చేది అదే. సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) ఎక్కడా గెంతకుండా తగ్గాలి. విలువలు మాన్యువల్‌తో సరిచూడాలి.

అప్పుడప్పుడూ వచ్చిపోయే లోపానికైతే నేను స్కానర్‌నే నమ్ముతాను. గ్రాఫ్ చూస్తూ వైరు కదపండి, గీత ఉలిక్కిపడిన చోటే తెగుడు.