ఆ రోమ్ సెల్లర్ దగ్గర మైక్రోమొజాయిక్ కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

ఎవరి సంగతో చెప్పక్కర్లేదు. పాత రోమ్ నగలు వెతికేవాళ్ళలో ఆయన పేజీ చూడనివాళ్ళు ఉండరు. ఫీడ్‌బ్యాక్ అంతా బంగారమే. నిన్న పార్సిల్ వచ్చింది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

మైక్రోమొజాయిక్ బ్రోచ్, అంటే సన్నసన్న గాజు ముక్కలు పేర్చి చేసిన బొమ్మ ఉన్నది. 1830 ప్రాంతం అన్నాడు. ప్రాచీన రోమ్ నగర కూడలి ఫోరమ్ శిథిలాలు, అక్కడి కాస్టర్-పోలక్స్ గుడి మూడు స్తంభాలు, ముందు రెండు ఆవులు. ఆ ఆవులే నన్ను ముంచాయి. తవ్వకాలు జరగకముందు ఫోరమ్ పశువుల మేతబీడు, కాంపో వాచీనో అనేవాళ్ళు. అది తెలుసు కదా మనకి, మహా పండితులం! "ఆహా, కాలానికి సరిపోయింది" అనుకున్నా. 620 పౌండ్లు. అదీ సైట్‌లో కాదు, నేరుగా ఆయన బ్యాంకుకి. ఫీజు మిగులుతుంది, 40 తగ్గిస్తానన్నాడు. నలభై పౌండ్లకి ఆశపడ్డాను.

లూప్, అదే పది రెట్లు పెద్దగా చూపే నగల భూతద్దం, పెట్టి చూశా. అసలుదైతే గాజు కరిగించి దారంలా లాగి తుంచిన ముక్కలు కనబడాలి, ఒక్కో ముక్క ఒక్కో రంగు, మధ్యలో సన్నటి సందులు. మంచి పనిలో చదరపు అంగుళానికి వేల ముక్కలుంటాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో గిల్బర్ట్ కలెక్షన్ ముందు అద్దానికి ముక్కు ఆనించి గంటసేపు చూసినవాణ్ణి నేను. నాకు కనబడినవి చుక్కలు. నీలం, గులాబీ, పసుపు చుక్కలు, శుభలేఖ మీద వినాయకుడి బొమ్మలో ఉన్నట్టు. సందులు కూడా అచ్చే! పైన రెసిన్ పోత, ఆవు కొమ్ము మీద ఒక గాలిబుడగ.

స్తంభాల వెనక తెల్లగా ఉన్నది మబ్బనుకున్నా. రోమ్‌లో ఇటలీ రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కి కట్టిన తెల్లరాతి స్మారకమండీ అది! 1885లో కట్టడం మొదలై 1911లో ప్రారంభమైంది. ఎవరో ఈకాలం ఫొటోకి ఆవుల్ని అతికించారు.

మర్యాదగానే మెసేజ్ పెట్టా. పది నిమిషాల్లో జవాబు: "వివరణ చదవండి సార్, మైక్రోమొజాయిక్ స్టైల్ అని ఉంది." వెళ్ళి చూశా. ఉంది, అట్టడుగున, షిప్పింగ్ రూల్స్ కింద. వెంటనే ఇంకోటి: "ఇంత పని ఉన్న అసలుది ఈ ధరకి వస్తుందని నిజంగా అనుకున్నారా?" పక్కన నవ్వు బొమ్మ.

స్టవ్ మీద టీ పొంగిపోతోంది, నేను ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డా. అనుకున్నాను మరి! తేరుకుని "1830 అని రాశారు కదా" అంటే బ్లాక్ చేశాడు.

మా ఆవిడ బ్రోచ్ తిప్పి చూసి, "ఫ్రిజ్ మీదకి బావుంది, అయస్కాంతం ఉందా?" అంది.

కొనేముందు దగ్గరగా, ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో అడగండి, వెనకవైపుది కూడా. నసిగితే వదిలేయండి. సైట్ బయట పైసా పంపకండి. నా ఫొటోలు కావాలంటే పెడతా, ఆవు కొమ్ము మీద బుడగ బ్రహ్మాండంగా వచ్చింది.