జేబు నోట్‌బుక్కు, పావుగంట టైమరు: నాలుగేళ్లు వాడాక

కొత్తగా రాయడం మొదలుపెట్టినవాళ్లని ఆపేవి రెండే. ఒకటి, ఏం రాయాలో తోచకపోవడం. రెండోది, తోచినా కూర్చోబుద్ధి కాకపోవడం. ఈ రెంటికీ కలిపి నాలుగేళ్లుగా వాడుతున్న సరంజామా ఇది: జేబులో పట్టే నోట్‌బుక్కు, ఒక బాల్‌పెన్ను, ఫోన్లో టైమరు, వారానికి ఒక అరగంట. మొదటి మూడింటి గురించి అందరూ చెప్తారు. అసలు పని జరిగేది మాత్రం ఆ అరగంటలో. అది లేకపోతే మిగతా మూడూ ఉండీ లేనట్టే.

ముందు నోట్‌బుక్కు సంగతి. ఏ6 సైజు (105 × 148 మిల్లీమీటర్లు) చేతికి హాయిగా ఉంటుంది గానీ చొక్కా జేబులో కుదురుకోదు. వంగితే జారిపడుతుంది, నాలుగు రోజుల్లో బ్యాగులోకి చేరుతుంది. బ్యాగులోకి చేరిందంటే దాంట్లో రాత ఆగిపోయినట్టే, జిప్పు లాగి వెతికేలోగా చెవిన పడ్డ మాట కాస్తా పోతుంది. ఏ7 (74 × 105) అయితే ఇమిడిపోతుంది. స్పైరల్ బైండింగు వద్దు, తీగ గుడ్డకి పట్టుకుంటుంది, కాగితాలు ఊడొస్తాయి. మధ్యలో పిన్ను కొట్టినది చాలు. గీతల మధ్య ఎడం చూసుకోండి. 6 మిల్లీమీటర్ల గీతల్లో తెలుగు ఇరుక్కుంటుంది, పై వరస ఒత్తులు కింది వరస గుడిదీర్ఘాల్లోకి దిగిపోయి, తర్వాత చదవబోతే మన రాత మనకే అర్థం కాదు. 8 మిల్లీమీటర్లది, లేదంటే గీతల్లేనిది మేలు. జెల్ పెన్ను చెమట తగిలితే అలుక్కుపోతుంది, పెన్సిలు జేబులో రాపిడికి మసకబారుతుంది. మామూలు బాల్‌పెన్నుకి ఈ బాధల్లేవు. తోలు అట్ట వేసిన ఖరీదైన పుస్తకాలు చూడ్డానికి బాగుంటాయి, కానీ వాటిలో మొదటి పేజీ దాటడమే కష్టం. మంచి పుస్తకంలో మంచి వాక్యమే రాయాలనిపిస్తుంది, ఇది మంచి వాక్యాలు రాసే చోటు కాదు.

కుడి పేజీలోనే రాయాలి, ఎడమ పేజీ ఖాళీగా ఉంచాలి. ఎందుకో కింద వస్తుంది. ప్రతి ముక్కకీ, అంటే ఒకసారి రాసుకున్న రెండు మూడు వాక్యాలకీ, తేదీ వేయాలి. పేజీకి రెండు ముక్కలు, వారానికి ఇరవై చొప్పున రాస్తే 96 పేజీల పుస్తకం దాదాపు అయిదు వారాలొస్తుంది.

ఏం రాయాలన్న దగ్గరే చాలామంది పట్టు తప్పుతారు. "ఒంటరితనం మీద కథ రాయాలి" అని రాసుకుంటారు. అది ఆలోచనలా కనిపిస్తుంది, నెల తర్వాత తెరిచి చూస్తే దాంట్లో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. భావం పేరు రాయకండి. కంటికి కనపడింది, చెవిన పడింది రాయండి. ఇదిగో, ఇలాంటిది:

"బస్సులో ఒకావిడ. ఫోన్ చెవి దగ్గరే ఉంది. అవతలివాళ్లు పెట్టేసి చాలాసేపయింది, స్క్రీన్ మీద గడియారం కనపడుతోంది. ఇంకా ఊఁ, ఊఁ అంటోంది."

ఇరవై మాటలు కూడా లేవు, నిమిషంలోపు రాసేయొచ్చు. ఒంటరితనం అన్న మాట లేదు, కానీ దాంట్లోకి వెళ్లడానికి తలుపు ఉంది. రాసుకోదగ్గవి వెతుక్కోవాలంటే కొన్ని చోట్ల చెవి వేసి ఉంచాలి. చెప్పే మాటకీ చేసే పనికీ పొంతన లేని చోట, మనుషులు ఒకే మాట రెండుసార్లు అన్న చోట, ఒక వస్తువు ఉండాల్సిన చోట కాకుండా మరోచోట ఉన్నప్పుడు. కథకి కావాల్సిన బిగువు ఎక్కువగా ఇలాంటి చోట్లే పుడుతుంది.

ఫోన్లో రాసుకోవచ్చు కదా అంటే రాసుకోవచ్చు, జేబులో ఎలాగూ ఉండేదే. చిక్కు ఏమిటంటే తీయగానే మెసేజీలు కనపడతాయి, నోట్సు తెరిచేసరికి వచ్చిన పని మర్చిపోతాం. పైగా తెలుగు కీబోర్డు సరైన మాట చూపించేదాకా సరిదిద్దుకుంటూ కూర్చోవాలి. వాయిస్ రికార్డింగు నడిచేటప్పుడు, చీకట్లో పనికొస్తుంది. కానీ రికార్డు చేసినవాటిని మళ్లీ వినడం దాదాపు జరగదు. వాడితే ఒక్కోటి 30 సెకన్లు దాటనివ్వకండి, ఆ రాత్రే పుస్తకంలోకి ఎక్కించేయండి.

ఇక వారానికోసారి అరగంట. ఏ రోజైనా ఫర్వాలేదు, ప్రతి వారం అదే రోజయితే మంచిది. ఆ వారం ముక్కలన్నీ వరసగా పైకి చదవాలి. కొన్ని చదివినా బొమ్మ కట్టవు, వాటికి అడ్డగీత కొట్టేయాలి. కొన్నిటికి బొమ్మ కడుతుంది గానీ ఇంకేమీ అనిపించదు, వాటిని అలాగే ఉంచాలి. కొన్ని చదవగానే "ఎందుకలా?" అని లోపలి నుంచి వస్తుంది, వాటికి సున్నా చుట్టాలి. ఇరవైలో రెండో మూడో సున్నాలు పడితే ఆ వారం పండినట్టే. మిగతా పదిహేడూ వృథా అని బెంగ పడక్కర్లేదు, ఆ మూడూ దొరకాలంటే అవీ రాయాల్సిందే.

సున్నా పడినవాటి కోసమే ఎడమ పేజీ. అక్కడ సమాధానాలు రాయకూడదు, ప్రశ్నలు రాయాలి. ఆ ఫోన్ ఆవిడ పక్క పేజీలో ఇలా ఉండొచ్చు: ఎవరికి వినపడాలని ఊఁ కొడుతోంది? పక్క సీట్లో వాడికా? తను ఒక్కతే వెళ్తోందని అతనికి తెలియకూడదనా? అతను దిగే స్టాపు ఆమెకి తెలుసా? నాలుగో ప్రశ్నకి వచ్చేసరికి భయం అన్న మాట లేకుండానే భయం వచ్చి కూర్చుంది, మొదటి దృశ్యం సిద్ధమైంది. ఒక్క ముక్కతో కదలకపోతే పాత పేజీల్లో అలాగే ఉంచేసినదాన్ని తెచ్చి పక్కన పెట్టాలి. ఉదాహరణకి, "తాళాలు బాగుచేసే అతను తలుపు తెరిచాడు. లోపలికి చూడకుండా అటు తిరిగి నిలబడ్డాడు." ఆ తలుపు ఈ ఫోన్ ఆవిడ ఇంటిదే అయితే? తాళంచెవి ఎవరి దగ్గరుండిపోయింది? ఆమె మళ్లీ అడగడానికి ఎందుకు వెళ్లలేదు? విడివిడిగా చప్పగా ఉన్నవి రెండూ ఒకదాన్నొకటి రాజేస్తాయి. ఆలోచన అంటే ఆకాశం నుంచి ఊడిపడేది అనుకునేవాళ్లు ఈ పని నెల రోజులు చేసి చూడాలి.

వారం దాటనివ్వొద్దు అనడానికి కారణం ఉంది. ముక్క రాసేటప్పుడు సగం కాగితం మీద పడుతుంది, మిగతా సగం తలలోనే ఉంటుంది. ఆ సగం త్వరగా చెదిరిపోతుంది. "నీలం బకెట్టు, మళ్లీ" అని రాసుకున్నది మూడు వారాల తర్వాత ఏ దేవుడికీ అర్థం కాదు. పుస్తకాలు పుస్తకాలు నింపి కూడా ఒక్క కథ రాయలేనివాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది ఈ ఏరివేత చేయరు.

టైమరు విషయానికొస్తే, రోజుకి 15 నిమిషాలు. సున్నా పడిన ముక్కని కాగితం పైన రాసుకుని టైమరు నొక్కాలి. కొట్టివేతలు వద్దు, పెన్ను ఆగకూడదు. మాట దొరక్కపోతే చివరి మాటనే మళ్లీ మళ్లీ రాస్తూ పోవాలి, మూడోసారికో నాలుగోసారికో చెయ్యి దానంతటదే మలుపు తిరుగుతుంది. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, ఖాళీ కాగితంతో కూర్చోవడం. అప్పుడు రాత అలసట మీదకీ ఆ రోజు చికాకుల మీదకీ పోతుంది, వారం తిరిగేసరికి డైరీ తయారవుతుంది. డైరీ మంచిదే, కథ మాత్రం అక్కడ పుట్టదు. ఇంకో పొరపాటు, వేగం లెక్కపెట్టుకోవడం. ఇంగ్లిషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటలు రాసేవాడు. ఆ లెక్క మనకి నప్పదు. "రాయలేకపోయాననుకుంటున్నాను" అన్నది తెలుగులో ఒకే మాట, ఇంగ్లిషులో అదే అయిదారు మాటలవుతుంది. చేత్తో రాస్తే ఒత్తులకీ గుణింతాలకీ పట్టే సమయం వేరే. కొత్తలో పావుగంటకి ఒక పేజీ నిండితే చాలు.

టైమరు మోగాక వాక్యం పూర్తి చేయకుండా ఆపేయాలి. తర్వాత ఏం జరగబోతుందో తెలిసి, రాత బాగా సాగుతున్నప్పుడే ఆపాలని అమెరికన్ రచయిత హెమింగ్వే 1935లో ఓ పత్రికలో కొత్త రచయితలకి చెప్పాడు. చిన్న కిటుకులా ఉంటుంది గానీ మర్నాడు కూర్చోవడానికి దీనంత సాయం చేసేది ఈ మొత్తం సరంజామాలో మరొకటి లేదు. ఖాళీ పేజీ ముందు కూర్చోవడం కష్టం, సగం వాక్యం ముందు కూర్చోవడం తేలిక.

ఏ ముక్కా కదలని వారాలుంటాయి. అప్పటికి మన అవధానుల దత్తపదే మందు. పృచ్ఛకుడు సంబంధం లేని నాలుగు మాటలిస్తాడు, అవధాని వాటిని పద్యంలో ఇమడ్చాలి. వచనానికీ ఇది పనిచేస్తుంది. పాత నోట్‌బుక్కులో కళ్లు మూసుకుని నాలుగు పేజీలు తెరిచి, ఒక్కోదాంట్లోంచి ఒక్కో నామవాచకం తీయండి. నాలుగూ వచ్చేలా ఒక పేరా రాయండి. ఫలానా అక్షరం వాడొద్దని పృచ్ఛకుడు ఆంక్ష పెట్టే నిషిద్ధాక్షరిని కాస్త మార్చి "ఈ పేజీలో భావాల పేర్లు నిషిద్ధం" అనుకున్నా చెయ్యి పదునెక్కుతుంది. రోజుకో అంశం పంపే యాప్‌లు మాత్రం నిరాశపరుస్తాయి. "నీకు రెక్కలొస్తే?" లాంటివాటికి రాసేవాడి అనుభవంతో పనే ఉండదు, రాసిందాని మీద మమకారమూ ఉండదు.

ఉత్సాహం గురించి రెండు మాటలు. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందన్న ప్రచారాన్ని నమ్మి 22వ రోజు కుంగిపోయేవాళ్లున్నారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు అని తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. అందులోనే ఇంకో సంగతీ ఉంది, ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు దెబ్బతినలేదు. కాబట్టి తప్పిన రోజుకి జరిమానాగా మర్నాడు అరగంట రాయకండి. అరగంట అనగానే మర్నాడూ తప్పుతుంది. పావుగంటే రాయండి, అదీ బరువనిపిస్తే 5 నిమిషాలు. నెలలో నవల లాంటి సవాళ్లు కొత్తవాళ్లకి వద్దు. 1999లో అమెరికాలో మొదలైన నవంబరు సవాలు 30 రోజుల్లో 50,000 మాటలు అడిగేది, అంటే రోజుకి 1,667. పైన చెప్పిన తెలుగు లెక్కలో అది ఇంకా పెద్ద బరువు. పదో రోజుకి వెనకబడితే కలం పక్కన పెట్టేస్తారు.

ఇది అందరికీ సరిపోదు. ఇప్పటికే నవల సగంలో ఉన్నవాళ్లకి కొత్త ముక్కలు పోగేయడం తప్పించుకునే దారవుతుంది, వాళ్లకి టైమరూ సగం వాక్యమూ చాలు. వ్యాసాలు రాసేవాళ్లు ఎడమ పేజీలో "ఎందుకలా?" బదులు "దీనికి రుజువేమిటి?" అని రాసుకోవాలి. కథలు, చిన్న వచన రచనలు మొదలుపెట్టేవాళ్లకి మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. మొదటి పుస్తకం నిండే అయిదు వారాల్లో పది దాకా సున్నాలు పడతాయి, వాటిలో ఒకదానికైనా మొదటి పేజీ వస్తుంది. పడకపోతే పుస్తకం మార్చకండి. కుడి పేజీలు తిరగేసి భావాల పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి.